నిర్మలమ్మ ఒడిలో పడ్డ ఆకు

వసంతమ్మ చేలో చామంతి ఎంత బాగా పండేదో, ఆమె కడుపులో అసూయ కూడా అంత బాగా పండేది. ఊళ్లో మిగతా ఎవరి గొడవా ఆమెకు పట్టదు. ఆ మంటంతా ఒక్క మనిషి మీదే. ఆ మనిషి ఆమె మరిది వెంకటయ్య భార్య నిర్మలమ్మ. ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చిన యారాండ్లు వాళ్లిద్దరూ. పెద్దది వసంతమ్మ, చిన్నది నిర్మలమ్మ.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడిస్తే వాళ్ల ఊరు వస్తుంది. అన్నదమ్ముల పొలాలు రెండూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. వసంతమ్మ పెనిమిటి మైసయ్య పూలు వేస్తాడు. వెంకటయ్య క్యారెట్, బీట్‌రూట్ వేస్తాడు, మధ్యమధ్యన రాజకీయం కూడా వేస్తాడని ఊళ్లో నవ్వుకుంటారు. తెల్లారకముందే పూల మూటలు ఆటోకెక్కి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోవాలి కాబట్టి వసంతమ్మకు నిద్ర తక్కువ. మంచుకు తడిసిన కొంగుతో ఆమె చేను నుంచి వచ్చేసరికి నిర్మలమ్మ వాకిట్లో కుర్చీ వేసుకొని ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుండేది. ఆ నవ్వు చెవిన పడితే చాలు, వసంతమ్మ నోట్లో చాయ్ చేదయ్యేది.

మొదట్లో ఇంత లేదు. సర్పంచ్ సీటు ఆడవాళ్లకు రిజర్వ్ అయిన ఏడు మొదలైంది. ఇంట్లోంచి ఎవరినో ఒకరిని నిలబెట్టాలని కులపెద్దలు, పార్టీవాళ్లు వచ్చి కూర్చున్నారు. వసంతమ్మ ఆ పొద్దు పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకొని అందరికీ చాయ్ పట్టుకుపోయింది. పెద్ద కోడలు కదా, తన పేరే వస్తుందనుకున్నది. గ్లాసులు అందరికీ అందేలోపే నిర్మల పేరు ఖాయమైపోయింది. పదో తరగతి చదివింది, నలుగురిలో మాట్లాడగలదు అన్నారు. మైసయ్య కూడా తలూపాడు. వసంతమ్మ ఖాళీ పళ్లెం పట్టుకొని లోపలికి పోయి, పొయ్యి ముందు కూర్చొని, చీర మార్చుకొని, మళ్లీ చేనుకు పోయింది. ఆ తర్వాత నిర్మలమ్మ గెలిచింది. ఆమె బొమ్మతో ఫ్లెక్సీలు వెలిశాయి. వాటిలో ఒకటి సరిగ్గా వసంతమ్మ చేనుకు పోయే మలుపులోనే కట్టారు.

దాని మీద అత్త సంగతి ఒకటి. అత్త మంచం పట్టినప్పుడు పక్క బట్టలు మార్చింది, ఒళ్లు తుడిచింది వసంతమ్మ. నిర్మలమ్మ మీటింగుల నుంచి వచ్చి, పక్కన కూర్చొని, కాసేపు చేయి పట్టుకునేది. అత్త మాత్రం కండ్లు తెరిచినప్పుడల్లా "చిన్నది వచ్చిందా" అని అడిగేది. ఆ మాట వసంతమ్మ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే చిన్నతనం, మింగుదామంటే గొంతు దిగదు.

అత్త ఏడాది మాసికం అయిపోయాక, ఆ చలికాలం చివర్లో, అన్నదమ్ములు గయకు పోయి తల్లికి పిండాలు పెట్టి రావాలనుకున్నారు. చేవెళ్ల నుంచి ఒక జట్టు కాశీ, గయ యాత్రకు పోతుంటే అందులో కలిశారు. యాత్రలో కూడా వసంతమ్మ కన్ను యారాలి మీదే ఉన్నది. రైల్లో కింది బెర్తు ఆమెకే దొరికింది. కాశీలో పూజారి ఆమె పేరే ముందు అడిగాడు. గయలో పిండాలయ్యాక ఇష్టమైన పండు, కాయ ఒక్కొక్కటి వదిలిపెట్టాలంటే వసంతమ్మ సొరకాయ వదిలింది. సొరకాయ ఆమె ఎన్నడూ తినలేదు. నిర్మలమ్మ మామిడిపండు వదిలింది. జట్టులోని ఆడవాళ్లందరూ ముక్కున వేలేసుకొని, మామిడి వదలడమంటే మాటలా అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు కోసమే వదిలిందని వసంతమ్మ గట్టిగా నమ్మింది.

గయలో పని పొద్దున్నే అయిపోయింది. దగ్గర్లోనే బుద్ధగయ ఉన్నది, చూసిపోదామని జట్టు పెద్ద అందరినీ బస్సెక్కించాడు. వసంతమ్మకు బుద్ధుడంటే ట్యాంక్‌బండ్ నీళ్ల మధ్యన నిలబడ్డ పెద్ద బొమ్మే. ఇక్కడ మనకేం పని అనుకుంటూనే దిగింది. ఫోన్లన్నీ బయట కౌంటర్లో పెట్టించారు. చెప్పులు విడిచి లోపలికి పోయేసరికి ఆమె నడక దానంతటదే నెమ్మదించింది.

మెట్లు దిగితే గుంతలో ఉన్నట్టు గుడి, మీదికి పోయేకొద్దీ సన్నబడే ఇటుక గోపురం. దాని చుట్టూ జనం ఒకే దిక్కుకు తిరుగుతున్నారు. తెల్లచీరల ఆడవాళ్లు పళ్లేల్లో తామరపూలు మోసుకుపోతున్నారు. ఎర్రబట్టల సాధువులు చెక్కపలకల మీద బోర్లా పడుకొని లేస్తూ, మళ్లీ పడుకుంటూ దండాలు పెడుతున్నారు. ఎవరి భాష వాళ్లది, ఎవరి పాట వాళ్లది, అయినా తోపులాట లేదు. లోపల బంగారు రంగు బుద్ధుడు ఒక చెయ్యి కిందికి వదిలి, వేళ్లతో నేలను తాకుతూ కూర్చొని ఉన్నాడు.

వీళ్ల తెలుగు మాటలు విని ఒక ముసలి భిక్షువు దగ్గరికి వచ్చాడు. సొంతూరు నాగార్జునసాగర్ దిక్కట, ఏటా చలికాలం ఇక్కడే గడుపుతాడట. భంతే అని పిలవాలని పక్కనున్నవాళ్లు చెప్పారు. మగవాళ్లూ జట్టులోని మిగతావాళ్లూ పాము పడగ కింద బుద్ధుడున్న కోనేరు చూస్తామని వెళ్లిపోతే, యారాండ్లిద్దరికీ ఆయనే గుడి వెనక రావిచెట్టు దగ్గరికి తొవ్వ చూపించాడు. బుద్ధుడికి జ్ఞానం కలిగింది ఈ చోటేనని, అప్పటి చెట్టు సంతానమే ఈ చెట్టని చెప్పాడు. జ్ఞానం కలిగాక కూడా ఆయన వెంటనే వెళ్లిపోలేదట. నీడనిచ్చిన చెట్టుకు ఎదురుగా నిలబడి, వారం పాటు రెప్ప వేయకుండా దాన్నే చూస్తూ ఉండిపోయాడట. ఇక్కడికి వచ్చే యాత్రికులు కోరికలు కోరుకోవడానికి కాదు, ఆ చూపు కొంచెమైనా నేర్చుకోవడానికి వస్తారని అన్నాడు. పూలు పెట్టేవాళ్లు కూడా ఈ పువ్వు సాయంత్రానికి వాడుతుంది, మనమూ అంతేనని తలుచుకుంటూ పెడతారట. పువ్వు వాడుతుందని నాకొకరు చెప్పాల్నా అనుకున్నది వసంతమ్మ, మార్కెట్లో మిగిలిపోయిన మూటలు గుర్తొచ్చి.

అంతలో గాలి వీచింది. ఒక ఆకు రాలింది. చెట్టు కింద కూర్చున్న జనంలో ముగ్గురు నలుగురు ఒక్కసారే లేచి ఉరికారు. ఎవరో పిల్లకు దొరికింది, ఆ పిల్ల దాన్ని కండ్లకద్దుకున్నది. చెట్టు నుంచి ఆకు తెంపకూడదని, దానంతటది రాలితేనే తీసుకోవాలని, అట్లా దొరికినదాన్ని బతికినంత కాలం ఇంట్లో దాచుకుంటారని భంతే చెప్పాడు. కొందరు రోజులకు రోజులు కూర్చుంటారట, అయినా దొరకదట.

వసంతమ్మకు ఆ ఆకు కావాలనిపించింది. ఇంకెవరికైనా దొరికినా సరే, నిర్మలకు మాత్రం దొరకకూడదు, తనకే దొరకాలి. కొమ్మలు గుబురుగా ఉన్నచోట చూసుకొని, కొంగు రెండు చేతుల్లో పట్టుకొని నిలబడ్డది. మెడ నొప్పి పుట్టింది. ఒక ఆకు అటువైపు పడ్డది. ఉరికింది, అందలేదు. ఇంకొకటి చెట్టు చుట్టూ కట్టిన కటకటాల లోపల పడ్డది. నిర్మలమ్మ కొంచెం దూరంలో గోడకు ఆనుకొని, కండ్లు మూసుకొని కూర్చున్నది. ధ్యానం గీనం ఏమీ లేదు, రైలు అలసటకు కునుకు తీస్తున్నదని వసంతమ్మకు బాగా తెలుసు.

గాలి కూడా లేదు అప్పుడు. ఒక ఆకు, లేత పసుపు తిరిగిన ఆకు, తొడిమె మీద గిరగిరా తిరుగుతూ వచ్చి నిర్మలమ్మ ఒడిలో పడ్డది.

నిర్మలమ్మ కదలలేదు. ఆమెకు తెలియనే లేదు. చూసింది వసంతమ్మ ఒక్కతే. పోయి మెల్లగా తీసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఒక అడుగు వేసింది కూడా. అంతలో పక్కనున్న తెల్లచీర సింహళపు ముసలమ్మ ఆకును చూసింది. చేతులు జోడించి "సాధు, సాధు, సాధు" అన్నది. నిర్మలమ్మ ఉలిక్కిపడి కండ్లు తెరిచి, ఒడిలోకి చూసుకొని, పసిపిల్లలా నవ్వింది. చుట్టుపక్కల వాళ్లందరూ చేతులు జోడించి అదే మాట అన్నారు. ఎవరి ముఖంలోనూ మాకు రాలేదే అన్న బాధ లేదు. అది చూసి వసంతమ్మకు ఆశ్చర్యమేసింది. ఇందాక ఆకు కోసం ఉరికినవాళ్లు కూడా నవ్వుతున్నారు.

భంతే ఆమె పక్కకు వచ్చాడు. ఒకరికి మంచి జరిగితే చూసి సంతోషపడటం కూడా పుణ్యమేనని, ఆ సంతోషాన్ని పైకి చెప్పడానికే సాధు అంటారని, అన్నవాళ్లకు ఆ పుణ్యంలో పాలు దక్కుతుందని చెప్పాడు. "మీరూ అనండమ్మా" అన్నాడు.

వసంతమ్మ పెదాలు కదిపింది. గొంతు మాత్రం రాలేదు.

ఊరికి తిరిగొచ్చాక అందరినీ పిలిచి గంగపూజ చేశారు. భోజనాలు వెంకటయ్య ఇంట్లోనే పెట్టారు. నిర్మలమ్మ ఆ ఆకును మొయినాబాద్ తీసుకుపోయి అద్దం ఫ్రేము కట్టించింది. అత్త ఫోటో పక్కన గోడకు తగిలించింది. వచ్చినవాళ్లందరూ గంగ చెంబుకు మొక్కి, ఆకు ముందు ఆగారు. అది ఒడిలో ఎట్లా పడ్డదో మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. ఆ తర్వాత కూడా జనం రావడం ఆగలేదు. జ్వరం తగ్గని పిల్లను ఎత్తుకొని ఒకామె వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి చుట్టాలు ప్రత్యేకంగా వచ్చారు. అందరికీ నీళ్లిచ్చింది, చాపలు పరిచింది వసంతమ్మ. ఆకు పడుతుంటే చూసింది నేనేనని ఒక్కరితో కూడా అనలేదు. ఎవరూ అడగలేదు కూడా.

కొద్దిరోజులకు చామంతులు తెంపుతుంటే, కూలికి వచ్చిన నీలమ్మ ఆ ఆకు మాటే ఎత్తింది. ఎంత అదృష్టమో సర్పంచమ్మది అన్నది. వసంతమ్మ తల ఎత్తకుండానే, "అక్కడ గుడి బయట దుకాణాలల్ల గూడ అమ్ముతరులే, పాకిట్లల్ల పెట్టి," అన్నది.

అబద్ధం కాదది. నిజంగానే అమ్ముతారు. నీలమ్మ చెయ్యి ఆగింది. అంటే ఇది కూడా కొన్నదేనా అని మెల్లగా అడిగింది. వసంతమ్మ అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. నాకెందుకమ్మా ఒకరి సంగతి అని బుట్ట ఎత్తుకొని పక్క సాలుకు జరిగింది. అంత చాలు.

ఆ మాట రెండు మూడు రోజుల్లో ఊరంతా తిరిగింది. నిర్మలమ్మ పదవీకాలం అయిపోయి, పంచాయతీ ఎన్నికలు రేపో మాపో అని అనుకుంటున్న రోజులు. అవతలి పార్టీవాళ్లకు పండుగే అయింది. చేవెళ్లలో చాయ్ హోటల్ దగ్గర కూర్చొని, మాజీ సర్పంచమ్మ ఓట్ల కోసం బుద్ధుణ్ణి కూడా కొనుక్కొచ్చిందని నవ్వారు. ఫోన్లు లోపలికి పోనివ్వరు కాబట్టి ఫోటో లేదు. మగవాళ్లు ఎవరూ చూడలేదు. చివరికి వెంకటయ్యే భార్యను అడిగాడట, నిజంగా కొన్నావా అని. ఆ రోజు నిర్మలమ్మ ఫ్రేమును గోడ మీది నుంచి తీసేసింది.

పొద్దున వాకిట్లో ఆమె నవ్వు వినబడటం ఆగిపోయింది. ఒకటి రెండు రోజులు వసంతమ్మకు చాయ్ బాగుంది. ఆ తర్వాత ఏదో తప్పినట్టు, చెవులు ఆ నవ్వు కోసమే వెతుకుతున్నట్టు అనిపించి తన మీద తనకే చిరాకేసింది. నేను అబద్ధం ఆడలేదు కదా అని మనసులో వాదించుకునేది. వాదన గెలిచేది, నిద్ర మాత్రం రాకపోయేది. భంతే ముఖం గుర్తొచ్చేది. సాధు అనమన్నప్పుడు ఆయన తనను ఎందుకు ప్రత్యేకంగా చూశాడు? కడుపులో మంట పైకి కనబడిందా?

ఒక మధ్యాహ్నం నిర్మలమ్మ ఒంటరిగా చేనుకు వచ్చింది. సర్పంచ్ అయ్యాక ఆమె ఈ చేలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. గట్టు మీద కూర్చున్నది. ముఖం పీక్కుపోయి ఉన్నది.

"అక్కా, రేపు మహిళా సంఘం మీటింగ్ ఉన్నది. అందరు వస్తరు," అన్నది. "ఆకు నా ఒళ్ల పడుతుంటే చూసింది నువ్వొక్కదానివే. ఒక్క మాట జెప్పు. వేరే ఏం వద్దు."

వసంతమ్మ కొడవలి చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. వస్తాననీ రాననీ అనలేదు. నిర్మలమ్మ కూడా మళ్లీ అడగలేదు. లేచి చీరకంటిన మట్టి దులుపుకొని వెళ్లిపోయింది. ఆ నడక వెనక నుంచి చూస్తే మొదటిసారి ఆమె వయసు కనబడింది వసంతమ్మకు.

మరునాడు మీటింగుకు పోయింది. పోకుండా ఉండలేకపోయింది. స్కూలు వరండాలో చాపల మీద ఆడవాళ్లు నిండిపోయి ఉన్నారు. పొదుపు మాటలు అయిపోయాక ఎవరో వెనక నుంచి ఆకు సంగతి తీశారు, కిసుక్కుమన్నారు. నిర్మలమ్మ తల దించుకొని చాప అంచు గిల్లుతూ కూర్చున్నది. వసంతమ్మ వైపు చూడలేదు. చూసి ఉంటే వసంతమ్మకు కోపమొచ్చి నోరు మూసుకునేదేమో.

వసంతమ్మ లేచి నిలబడ్డది. నలుగురిలో మాట్లాడటం ఆమెకు ఎన్నడూ లేదు.

"ఆకు కొన్నది గాదు," అన్నది. "దాని ఒళ్లనే పడ్డది. నా కండ్లతోని నేను జూసిన. నేను కొంగు జాపుకొని ఎంతసేపు నిలబడ్డనో, నాకు పడలె. అది కునుకు తీస్తుంటే దానికి పడ్డది."

ఎవరూ నవ్వలేదు. నీలమ్మ మాత్రం తన మీద తప్పు పడుతుందేమోనని భయపడ్డట్టు, "మరి దుకాణాలల్ల అమ్ముతరని నువ్వే అంటివి గదమ్మా," అన్నది.

అందరి తలలూ ఇటు తిరిగాయి. ఏదో ఒక సాకు చెప్పొచ్చు. నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావని అనొచ్చు, కూలి మనిషికి మళ్లీ ఎదురు చెప్పే ధైర్యం ఉండదు.

"అన్న," అన్నది వసంతమ్మ. "కడుపు మండి అన్న."

ఆ మాటతో చాప మీద కూలబడ్డది. ఇంకేం మాట్లాడిందో, ఎవరు ఏమన్నారో ఆమెకు సరిగ్గా గుర్తు లేదు. ఎవరో నీళ్ల గ్లాసు చేతికిచ్చారు. బుద్ధగయలో పెదాల మీదే ఆగిపోయిన మాట అప్పుడు, ఆ వరండాలో, ఎవరికీ వినబడకుండా లోపల తిరిగింది. సంతోషంతో వచ్చిందని చెప్పలేం. బరువు దించుకున్నప్పుడు వచ్చే ఊపిరితో కలిసి వచ్చింది.

మీటింగ్ అయ్యాక యారాండ్లిద్దరూ ఒకే తొవ్వన నడిచారు. చాలాసేపటికి వసంతమ్మ, నాతోని మాట్లాడబుద్ధి అయితలేదేమో అన్నది. నిర్మలమ్మ ఆగింది.

"నువ్వన్నవని నాకు మొదటి రోజే తెలుసక్కా," అన్నది.

"తెలిసి నా దగ్గరికి ఎట్ల వచ్చినవ్?"

"ఇంకెవరి దగ్గరికి పోవాలె? చూసింది నువ్వు. అన్నది నువ్వు. నువ్వు జెప్తేనే జనం నమ్ముతరు." మళ్లీ నడక మొదలుపెట్టి, "అయినా నువ్వు అబద్ధం ఎక్కువ దినాలు మొయ్యలేవు. అత్త గూడ అంటుండె, పెద్దదానికి మనసుల ఏదీ దాగదు అని," అన్నది.

ఆ మాట వినగానే వసంతమ్మకు కండ్లు తడిశాయి. వెనువెంటనే కడుపులో పాత సూది ఒకటి గుచ్చుకున్నది. తన గురించి అంత మంచి మాట అత్త తనతో ఎందుకు అనలేదు, దీనితో ఎందుకు అన్నది? పైగా ఇంత చేసినా ఒక్క తిట్టు తిట్టకుండా నడుస్తున్నదే ఈ నిర్మల, ఆ పెద్ద మనసు కూడా దీనికే దొరకాల్నా? ఇట్లా అనుకొని, తనకు తానే దొరికిపోయి, నడిరోడ్డు మీద నవ్వింది. ఎందుకు నవ్వుతున్నావని నిర్మలమ్మ అడిగితే చెప్పింది. ఉన్నదున్నట్టే చెప్పింది. నిర్మలమ్మ మొదట నివ్వెరపోయింది, తర్వాత ఆమె కూడా నవ్వింది గానీ ఆ నవ్వులో కొంచెం బెరుకు ఉన్నది. ఒక్క పూటలో అన్నీ తుడిచిపెట్టుకుపోవు కదా.

ఎన్నికలు వచ్చేసరికి ఆ ఊరి సీటు రిజర్వేషన్ మారిపోయింది. నిర్మలమ్మ నిలబడే మాటే లేకుండా పోయింది. ఎవరైతే ఆకు గురించి నవ్వారో వాళ్లు కూడా నిలబడలేకపోయారు. వెంకటయ్య కొన్నాళ్లు ముఖం వేలాడేసుకొని తిరిగి, మళ్లీ క్యారెట్ విత్తనాల ధ్యాసలో పడ్డాడు.

మరుసటి చలికాలం సంఘం ఆడవాళ్లు కొందరు మేమూ పోతాం బుద్ధగయకు అన్నారు. నిర్మలమ్మ దగ్గరికి పోతారనుకుంటే వసంతమ్మ చేనుకే వచ్చి, చాప పరిచి ఆమెను నడుమ కూర్చోబెట్టుకున్నారు. ఎక్కడ కూర్చోవాలి, ఎందుకు చుట్టూ తిరగాలి, ఆకు ఎందుకు తెంపకూడదు, పక్కవాళ్లకు దొరికితే ఏమనాలి అని అడిగారు. భంతే చెప్పినవన్నీ వసంతమ్మ చెప్పింది, బుద్ధుడు చెట్టును చూస్తూ నిలబడ్డది కూడా. చివరి ప్రశ్నకు మాత్రం తన మాటే చెప్పింది. ఆ మాట అనడం నేర్చుకోనికే అంత దూరం పోవాలె, పోయినా రాకపోవచ్చు, నాకైతే ఇంక పూర్తిగ రాలేదు అన్నది.

గట్టు అవతల బీట్‌రూట్ తవ్వుతున్న నిర్మలమ్మ పని ఆపి వింటున్నది. ఆ ఆకు దొరికింది తనకు, అడిగేది మాత్రం పెద్దదాన్ని అన్నట్టు ముఖం కొంచెం చిన్నబోయింది. వసంతమ్మ దాన్ని వెంటనే పట్టేసింది. ఆ ముఖం ఎట్లాంటిదో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? లోపల తియ్యగా అనిపించింది, అనిపించినందుకు సిగ్గేసింది.

"నిర్మలా, ఇటు రా," అని కేకేసి, చాప మీద కొంచెం పక్కకు జరిగి కూర్చున్నది.